నోట్లో ఆరు గుండ్లు

సూదంటే భయపడింది నా కోడలు. రక్తం తక్కువని తేలింది నాకు. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

ఆ రోజు మేం ల్యాబ్‌కి వెళ్లిందే కోడలి కోసం. ఆ పిల్లకి అయిదో నెల. కాన్పుల డాక్టరమ్మ ఏవో పరీక్షలు రాసింది. రక్తం తీసే సూది అమ్మాయి ఇంకా దూది తడపనే లేదు, మా కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కన కూర్చున్న వాళ్లంతా గుడ్లప్పగించి చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది.

"చీమ కుట్టినట్టు కూడా ఉండదే తల్లీ! ఇదిగో, నన్ను చూడు" అని జాకెట్టు చెయ్యి పైకి లాగి నా చెయ్యి చాపాను. "ముందు నాకు తియ్యమ్మా. చూసి ధైర్యం తెచ్చుకుంటుంది."

"మీకు చీటీ లేదు కదండీ" అంది సూది అమ్మాయి.

"చీటీ లేకపోతే నాలో రక్తం ఉండదా?" అన్నాను.

ఏ ముహూర్తాన అన్నానో గానీ, మర్నాడు రిపోర్టు చూస్తే నిజంగానే లేదు. పన్నెండు ఉండాల్సింది ఎనిమిది ఉంది. కోడలికి పదిన్నర. కడుపుతో ఉన్నవాళ్లకి ఆ మాత్రం తగ్గడం మామూలేనట. నేనేం కడుపుతో లేను కదా! యాభై నాలుగేళ్లదాన్ని. రెండేసి బట్టల తానులు చంకన పెట్టుకుని మెట్లెక్కేదాన్ని. "మిషన్ తప్పయి ఉంటుంది" అని మళ్లీ తీయించుకున్నాను. రెండోసారి కూడా ఎనిమిదే.

మాది కర్టెన్లు కుట్టే ఇల్లు. వీధివైపు గదంతా పనిగది. గది నిండా ఒక పొడుగాటి బల్ల, రెండు మిషన్లు, పైకప్పు దాకా బట్టల తానులు. మా ఆయన ఇంటింటికీ తిరిగి కిటికీలు కొలిచి వస్తాడు, బట్ట కత్తిరిస్తాడు. మా అబ్బాయి రాడ్లు, డ్రిల్లు పట్టుకెళ్లి బిగించి వస్తాడు. కుట్టేది నేనూ కోడలూ. కర్టెన్ గొప్పతనమంతా పైన ఉంటుందనుకుంటారు జనం. కాదు. కింద అంచులో ఉంటుంది. అంచు మడతలో జానెడు జానెడు దూరాన బఠాణీగింజంత సీసం గుండు ఒకటి పెట్టి కుడితే, ఆ కర్టెన్ గాలికి ఎగరదు, వంకర పోదు, కడ్డీ మీంచి నీళ్లు పోసినట్టు దిగుతుంది.

రెండు చేతులతో మడత పట్టుకోవాలి. మరి గుండ్లు ఎక్కడ పెట్టుకోవాలి? నోట్లో. ఎడమ బుగ్గలో మూడు, కుడి బుగ్గలో మూడు. నాలుకతో ఒకటి పెదవుల దాకా తోసి, రెండు వేళ్లతో అందుకుని, మడతలోకి జార్చి, పైన రెండు కుట్లు వెయ్యాలి. నాకు పని నేర్పిన గురువమ్మ అలాగే నేర్పింది. ముప్పై రెండేళ్లుగా నేను అలాగే చేస్తున్నాను. ఇప్పుడు బజార్లో గుండ్లు కుట్టేసిన పట్టీలు దొరుకుతాయి. అలాంటివి మా గడప తొక్కడానికి వీల్లేదు. కోడలు వచ్చిన రెండో వారమే కూర్చోబెట్టి నా పద్ధతే నేర్పాను. ఇప్పటికి నాలుగేళ్లు. నోటి నిండా గుండ్లతో "మ్మ్" అనడం తప్ప ఒక్క మాట మాట్లాడదు. నోట్లో నాలుక లేని పిల్ల అని ఊరంతా చెప్పుకున్నాను.

సరే, రక్తం సంగతి. వీధి చివర డాక్టరు నా మనవడి వయసులో ఉంటాడు. మనవడు ఇంకా పుట్టలేదనుకోండి. అతను రిపోర్టు చూసి "ఐరన్ తక్కువైనట్టుందండీ, ఇంట్లో ఆడవాళ్లు సరిగ్గా తినరు" అని మాత్రలు రాశాడు.

"నేను తినకపోవడమేంటి బాబూ? మా ఆయన్ని అడుగు" అన్నాను.

మా ఆయన ఏదో చెప్పబోయి నా మొహం చూసి ఆగిపోయాడు.

మా మేడ మీద ఉండే పిన్నికి ఫోను పిన్ని అని పేరు పెట్టాను. ఆవిడ ఫోనులో చూడని వీడియో లేదు, చెప్పని వైద్యం లేదు. నా రిపోర్టు సంగతి తెలిసి ఊపిరి తీసుకోకుండా దిగొచ్చింది. "బీట్‌రూట్ తాగు. దానిమ్మ తిను. ఖర్జూరాలు నానబెట్టు. ఇనుప మూకుడులో వండు" అని ఒకటే పాట. నేను ఏది చేసినా సగం చెయ్యను. నాలుగు రోజులు పొద్దున్నా సాయంత్రం బీట్‌రూట్ రసం పెద్ద గ్లాసుతో లాగించాను. అయిదో రోజు బాత్రూంలో ఎర్రగా కనపడింది. ఉన్న కాస్త రక్తమూ పోతోందని కెవ్వుమన్నాను. మా ఆయన మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం ఆదరాబాదరాగా డాక్టరుకి ఫోన్ చేశాం.

"బీట్‌రూట్ ఏమైనా తిన్నారా?" అన్నాడు అటునుంచి.

ఆ రోజంతా మా ఆయన బట్ట కత్తిరిస్తూ తనలో తను నవ్వుకుంటూనే ఉన్నాడు. కత్తెర వంకర పోయింది. దానికి వేరే తిట్లు తిన్నాడు.

ఆరు వారాలు మాత్రలు మింగాక మళ్లీ పరీక్ష చేయించాం. ఏడు పాయింట్ ఎనిమిది. మా ఆయనకి ఏ కొలతైనా బల్ల వెనక గోడ మీద చాక్‌తో రాసుకునే అలవాటు. హాలు కిటికీ వెడల్పు, ఎత్తు రాసి, దాని కింద 'ఆవిడ: 8, 8, 7.8' అని రాశాడు. వచ్చిన గిరాకీ ఒకాయన "ఈ మూడో కిటికీ మరీ చిన్నదిగా ఉందేంటండీ?" అని అడిగాడు. చీపురుతో చెరిపేశాను.

అక్కణ్ణించి కడుపు డాక్టరు దగ్గరికి పంపించారు. లోపలెక్కడో రక్తం కారుతోందేమో చూడాలట. పైనుంచి ఒక గొట్టం వేశారు, ఇంకో రోజు కిందనుంచి ఒక గొట్టం వేశారు. లోపలంతా శుభ్రంగా ఉందని కాగితం ఇచ్చారు. నాకు అప్పుడప్పుడూ కడుపులో మెలిపెట్టినట్టు నొప్పొస్తుంది, అది కూడా చెప్పాను. "గ్యాస్ అమ్మా" అన్నాడు. గొట్టాలు వేసి చూసినాయన గ్యాస్ అంటే ఇంకేం మాట్లాడతాం?

"మరి రక్తం ఎందుకు తగ్గుతోంది?" అన్నాను.

"అదే తెలియడం లేదు. వచ్చే వారం ఎముకలోంచి కాస్త మూలుగ తీసి చూద్దాం."

తెలియడం లేదు! ఇంత చదువుకున్నాయన ఆ మాట అంత తేలిగ్గా ఎలా అంటాడండీ? ఫలానా జబ్బు అంటే ఏడ్చి ఊరుకుంటాం, మందు మింగుతాం. ఏమీ లేదన్నా పీడా పోయిందనుకుంటాం. 'ఏదో ఉంది, ఏంటో తెలీదు' అంటే ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లి ఏం చెయ్యాలి? నాకు మొదటిసారి భయమేసింది.

నా భయం నా గురించి మాత్రమే అయితే ఇంత బాధ లేదు. ఆ వారమే కోడలికి మళ్లీ పరీక్ష చేశారు. పదిన్నర కాస్తా పది అయింది. మామూలే అన్నారు. నాకు మామూలు అనిపించలేదు. ఇద్దరం ఒకే గిన్నెలోది తింటాం, ఒకే బిందెలో నీళ్లు తాగుతాం, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. నాలో ఉన్నదేదో ఆ పిల్లలోకి కూడా పాకుతోందేమో! ఆ పిల్లలోంచి లోపలున్న పసిగుడ్డుకి? కడుపు డాక్టర్ని అదే అడిగాను.

"కారణం తెలిస్తే కదమ్మా చెప్పడానికి" అన్నాడు.

ఆ రోజునుంచి నా గ్లాసు వేరు, కంచం వేరు చేసుకున్నాను. కోడలికి దూరంగా బల్ల అటు చివర కూర్చున్నాను. ఫోను పిన్ని అది చూసి "అత్తాకోడళ్లకి పడటం లేదా?" అని చెవులు కొరికింది. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తానుల వెనక్కి వెళ్లి ఖరీదైన పట్టు కర్టెన్ బట్టలో మొహం పెట్టుకుని ఏడ్చాను. మనవడో మనవరాలో, వాళ్లని ఎత్తుకోకుండా పోతానేమో అని ఏడ్చాను. నావల్లే వాళ్లకి ఏదైనా అయితే ఎలా అని ఇంకా ఎక్కువ ఏడ్చాను. తర్వాత బట్ట మీద మరక పడిందేమో చూసుకున్నాను. పడలేదు.

ఎముకలో గుచ్చడానికి రెండు రోజుల ముందు ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. "మా పెద్ద డాక్టరమ్మ మీ రక్తం ఇంకోసారి తాజాగా చూస్తారట, రండి" అంది సూది అమ్మాయి. అప్పటికి వాళ్లు నా దగ్గర లాగిన రక్తమంతా నాలోనే ఉండుంటే పన్నెండు దాటేదేమో. తిట్టుకుంటూ వెళ్లాను.

చెయ్యిచ్చి, దూది నొక్కుకుని, డాక్టరమ్మ కోసం పక్కగదిలో కూర్చున్నాను. ఆ గదిలో రెండు మంచాలు, మధ్యన ఆకుపచ్చ కర్టెన్ ఒకటి ఉన్నాయి. ఏం కర్టెన్ అది! అంచులో చిన్నమెత్తు బరువు లేదు. ఫ్యాను తిరిగినప్పుడల్లా పైకి లేస్తోంది. లేచినప్పుడల్లా అవతల చొక్కా విప్పుకుని పడుకున్న పెద్దాయన బొజ్జ నాకు కనపడుతోంది, నేను ఆయనకి కనపడుతున్నాను. ఆయన నాలుగుసార్లు నమస్కారం పెట్టాడు. అయిదోసారికి నాకు ఓపిక అయిపోయింది. నా సంచిలో సూది, దారం, ఓ గుప్పెడు గుండ్లు ఎప్పుడూ ఉంటాయి. స్టూలు లాక్కుని అంచు పట్టుకున్నాను. ఆరు గుండ్లు నోట్లో వేసుకుని పని మొదలుపెట్టాను.

రెండు గుండ్లు కుట్టేసరికి డాక్టరమ్మ వచ్చింది. తల నెరిసిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుంది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"మ్మ్" అన్నాను కర్టెన్ చూపించి.

"నోట్లో ఏంటవి?"

"మ్మ్ మ్మ్."

"ఉమ్మేయండి" అంది. ఎంత గట్టిగా అందంటే, అవతల పెద్దాయన కూడా లేచి కూర్చున్నాడు.

పక్కనున్న స్టీలు ట్రేలో ఉమ్మాను. టంగ్ టంగ్ మని నాలుగు గుండ్లు పడ్డాయి. ఆవిడ తొడుగేసుకున్న వేళ్లతో ఒకటి తీసి కాగితం మీద రుద్దింది. పెన్సిలు గీతలాంటి బూడిదరంగు గీత పడింది. డాక్టరమ్మ నా మొహం చూసింది, గీత చూసింది, మళ్లీ నా మొహం చూసింది.

"మీరేం పని చేస్తారు?"

రెండు నెలల్లో ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే. చెప్పాను. బుగ్గలో మూడు, బుగ్గలో మూడు, ముప్పై రెండేళ్లు. ఆవిడ నా ఫైలు తిరగేసింది. చీటీల మీద అన్నిచోట్లా 'గృహిణి' అని ఉందని చెప్పింది. కౌంటర్లో అతను తలెత్తకుండా వయసొక్కటే అడిగి, మిగతాది తనే రాసేసుకున్నాడు. ఆ ఒక్క కాగితం చూసి మిగతా అందరూ అదే ఎక్కించుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్ని వేల కిటికీలకి కర్టెన్లు కుట్టినదాన్ని, నన్నొక్క మాట అడిగితే వాళ్ల నోటి ముత్యాలు రాలిపోతాయా?

"అమ్మా, తర్వాత కోప్పడదురుగాని" అంది డాక్టరమ్మ. "మీ ఎర్రకణాల్లో నీలం చుక్కలు కనపడ్డాయి. అందుకే మళ్లీ రమ్మన్నాను. సీసం ఒంట్లో చేరితే అలా వస్తాయి. అది రక్తాన్ని తయారవ్వనివ్వదు. కడుపులో నొప్పి కూడా దానిదే అయ్యుంటుంది. ఇవాళ తీసిన రక్తం సీసం పరీక్షకి పంపిస్తాను. ఎముకలో గుచ్చడం ప్రస్తుతానికి ఆపమని నేను చెప్తాను."

ప్రాణం లేచొచ్చింది. కారణం తెలిసింది! జబ్బుకి పేరుంది! ఆవిడ కాళ్లమీద పడబోయాను. అప్పుడావిడ ఇంకో మాట అడిగింది.

"ఇంట్లో ఇలా పని చేసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

వంగినదాన్ని అలాగే ఆగిపోయాను.

"నా కోడలు" అన్నాను. "ఏడో నెల."

 డాక్టరమ్మ కళ్లజోడు కిందకి దించుకుంది. "లోపలి బిడ్డకి కూడా చేరుతుందమ్మా. ఇవాళే మాన్పించండి. రేపు పొద్దున్నే ఆ అమ్మాయిని తీసుకురండి" అంది మెల్లగా.

వీధిలోకి వచ్చి కోడలికి ఫోన్ చేశాను. కంగారులో రెండుసార్లు ఎవరికో పోయింది. మూడోసారి ఎత్తింది.

"ఏమ్మా, ఏం చేస్తున్నావ్?"

"మ్మ్" అంది.

"ఉమ్మెయ్!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. "ముందు ఉమ్మెయ్యవే తల్లీ, నీకు దండం పెడతాను!"

"మ్మ్? మ్మ్ మ్మ్" అంది. ఫోన్ కట్టయింది.

మా ఆయనకి చేశాను. ఆయన ఎప్పట్లాగే ఫోను ఎక్కడో పెట్టి మర్చిపోయాడు. అబ్బాయికి చేస్తే డ్రిల్లు మోతలో వినపడలేదు. బస్సెక్కాను. రెండు స్టాపులు పోయాక బస్సు ఆగింది. ముందు ఏదో లారీ అడ్డం తిరిగిందట. దిగి పరుగెత్తాను. ఏడు పాయింట్ ఎనిమిది రక్తంతో పరుగెత్తడం అంటే ఏంటో నన్నడగండి. రెండు అడుగులకి కళ్లు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని నిలబడ్డాను, మళ్లీ పరుగెత్తాను. దారంతా ఒకటే మాట నా బుర్రలో తిరిగింది. ఎవరో నేర్పలేదు. నేనే నేర్పాను. 'నాకు చేతకాదు అత్తయ్యా' అంటే తిట్టి మరీ నేర్పాను.

మా గురువమ్మ గుర్తుకొచ్చింది. ఎప్పుడూ పొట్ట పట్టుకుని కూర్చునేది. నోరు తెరిస్తే తిట్లే. వయసు మీద పడిందనుకునేవాళ్లం.

పనిగదిలోకి వెళ్లేసరికి కోడలు బల్ల దగ్గర కూర్చుని కుడుతోంది. పెదవులు బిగించి ఉన్నాయి. మా ఆయన ఆ పక్కనే కత్తిరిస్తున్నాడు. నేను వెళ్లి ఆ పిల్ల గడ్డం కింద రెండు దోసిళ్లూ పట్టాను.

"ఉమ్ము" అన్నాను రొప్పుతూ.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఉమ్మమంటుంటే! అది విషమే! బిడ్డకి పోతుంది! ఉమ్మవే నా తల్లీ, నా బంగారూ!"

ఏడుపు తన్నుకొచ్చేసింది. నేను కోప్పడటం ఆ పిల్ల చాలా చూసింది గానీ ఏడవడం చూడలేదు. కళ్లు పెద్దవి చేసింది. నోరు తెరిచింది.

లోపల ఏమీ లేదు. పళ్లు, నాలుక ఉన్నాయి, అంతే.

"మింగేశావా?" అని కేక పెట్టాను.

"లేదత్తయ్యా!" అంది కోడలు కంగారుగా. బల్ల కింద అరలోంచి ఒక డబ్బా మూత తీసి చూపించింది. అందులో గుండ్లున్నాయి. "నేనెప్పుడూ నోట్లో పెట్టుకోలేదు. మొదటి రోజు పెట్టుకుంటే వాంతి వచ్చినట్టయింది. రెండో రోజునుంచీ ఇందులోనే."

"రెండో రోజునుంచా? నాలుగేళ్లా?"

"అవునత్తయ్యా."

మా ఆయన కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

"మరి ఆ మ్మ్ మ్మ్ ఏంటి? ఇందాక ఫోన్లో మ్మ్ అన్నావు కదే! ఖాళీ నోరేసుకుని మ్మ్ ఏంటి?"

కోడలు తల వంచుకుంది. మామగారి వైపు ఒకసారి చూసింది. ఆయన వెంటనే కిటికీ వైపు చూశాడు.

"మీరు ఏదైనా అన్నప్పుడు నేను జవాబు చెప్తే మీకు కోపం వస్తుంది. చెప్పకపోతే ఇంకా కోపం వస్తుంది" అంది. "నోట్లో గుండ్లున్నాయంటే మాత్రం రాదు."

మా ఆయన ఖళ్లున నవ్వాడు. ఆపుకుందామని చూశాడు గానీ వల్ల కాలేదు, టేపు నోట్లో కుక్కుకున్నాడు. నేను నేల మీద చతికిలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. కోడలు భయపడి నీళ్లు తెచ్చింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని "బతికించావు" అన్నాను. "నా మాట వినకుండా బతికించావు."

అక్కడితో అయిపోలేదు. నోట్లో పెట్టుకోకపోయినా వేళ్లతో తాకింది కదా! మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌కి తీసుకెళ్లాం. మా ఆయన కూడా వచ్చాడు. ఈసారి కోడలు సూదికి భయపడలేదు. చెయ్యి తనే చాపింది. నేనే అటు చూడలేక మొహం తిప్పుకున్నాను.

"చేతులు కడుక్కునే అలవాటుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"గంటకోసారి కడుగుతుంది. సబ్బులు తినేస్తున్నావని నేను తిడుతుంటాను" అన్నాను. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసింది.

సీసం ఒంట్లో చేరితే ఏమేం అవుతుందో డాక్టరమ్మ చెప్పింది. నీరసం, కడుపునొప్పి, తలనొప్పి, చిరాకు, కోపం.

"ఆఖరిది మళ్లీ చెప్పండి" అన్నాడు మా ఆయన.

"కోపం అండీ. చీటికీ మాటికీ కోపం రావచ్చు."

మా ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మా పెళ్లయి ముప్పై ఏళ్లు. అప్పటికే ఈవిడ రెండేళ్లుగా గుండ్లు నోట్లో పెట్టుకుంటోంది. అంటే నేను ఇన్నేళ్లూ కాపురం చేసింది ఈవిడతోనా, సీసంతోనా?"

"అంతా సీసం మీదకి తోసెయ్యకండి" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

"తగ్గుతుందంటారా?"

"సీసం తగ్గుతుంది."

ఆయనకి ఆశ చావలేదు. ఇంటికొచ్చినప్పటినుంచీ నేను నోరెత్తితే చాలు, "సీసం, సీసం" అని కోడలికి సైగ చేయడం మొదలుపెట్టాడు. నాకు వచ్చే కోపం ఎక్కడికీ పోలేదు గానీ, దానికి ఒక పేరొచ్చేసరికి తిట్లు పడటం బాగా తేలికైపోయింది వాళ్లకి.

రిపోర్టు మూడు రోజులకి గానీ రాదన్నారు. ఆ మూడు రోజులూ నేను పనిగది కడిగాను. బల్ల కడిగాను, నేల కడిగాను, మిషన్ల పాదాలు కడిగాను. ఉన్న గుండ్లన్నీ డబ్బాలో వేసి మూత బిగించి బయటకి పంపించేశాను. గుండ్లకి బదులు బరువైన గొలుసు పట్టీ, సీసం లేనిది, మా అబ్బాయి చేత తెప్పించాను. గడప తొక్కనివ్వనన్నదాన్ని నేనే ఎదురెళ్లి లోపలికి తెచ్చుకున్నాను. ముద్ద మింగుడు పడలేదు. కోడలు కూర్చుంటే కూర్చుందేంటి అని, నడిస్తే నడుస్తోందేంటి అని భయం. "లోపల కదులుతోందా?" అని గంటకి పదిసార్లు అడిగాను. ఆ పిల్ల పదిసార్లూ నోరు తెరిచి "కదులుతోందత్తయ్యా" అని చెప్పింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మూడో రోజు నేనూ కోడలూ వెళ్లాం. డాక్టరమ్మ రెండు కాగితాలు తీసింది. ముందు నాది చెప్పబోయింది.

"నాది తర్వాత" అన్నాను.

కోడలి కాగితం చూసింది. "మామూలు మనుషుల్లో ఉండేంతే. అసలు లేనట్టే. బిడ్డకి ఏ భయమూ లేదు."

నేను ఆ కాగితం లాక్కుని, చదవడం సరిగ్గా రాకపోయినా ఆ అంకె మూడుసార్లు చూశాను. కోడలు నా భుజం మీద తల పెట్టుకుంది. నాలుగేళ్లలో అలా ఎప్పుడూ పెట్టుకోలేదు. నేను కదిలితే తీసేస్తుందేమోనని కదలకుండా కూర్చున్నాను.

నాది మాత్రం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లుంది. మందు వాడాలట. ఆరు నెలలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. గుండ్ల జోలికి జన్మలో వెళ్లకూడదట. "అలాగే" అన్నాను. అంత తొందరగా ఒప్పుకున్నందుకు డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది.

ఎండ తగ్గాక నడుచుకుంటూ బయల్దేరాం. భయమంతా దిగిపోయాక, ఆ జాగాలోకి ఇంకోటొచ్చి కూర్చుంది. నాలుగేళ్లు. ఎన్ని వేల మాటలు అనుంటాను ఆ పిల్లని! ఒక్కదానికీ జవాబు రాలేదని, నా మాటకి ఎదురు లేదని మురిసిపోయాను. ఆ పిల్ల నోరు ఖాళీగానే ఉంది. చెప్పడానికి మాటలూ ఉన్నాయి. వినేదాన్ని నేనే లేను. అది తలుచుకుంటే సూది కంటే ఎక్కువే గుచ్చుకుంది.

"ఏమ్మా" అన్నాను. "ఇన్నాళ్లూ నేనన్న వాటికి నీ దగ్గర జవాబులున్నాయా?"

"ఉన్నాయత్తయ్యా."

"ఎన్నింటికి?"

"అన్నింటికీ" అంది.

నాకు చురుక్కుమంది. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. "అయితే చెప్పు. మొదటినుంచీ చెప్పు."

"మీకు కోపం వస్తుంది."

"వస్తుంది. వస్తే ఏంటి? రోడ్డు మీద ఏం చెయ్యగలను నిన్ను? చెప్పు."

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని మెల్లగా మొదలుపెట్టింది. పెళ్లయి వచ్చిన మూడో రోజు తువ్వాలు ఆరేయడం రాదని నేనన్న మాట దగ్గర్నుంచి. నాకు గుర్తు కూడా లేదు ఆ మాట. ఆ పిల్లకి నేను ఏ గుమ్మంలో నిలబడి అన్నానో కూడా గుర్తుంది. మధ్యలో రెండుసార్లు తిట్టు నోటిదాకా వచ్చింది నాకు. ఆపుకున్నాను. ఒకసారి నవ్వొచ్చింది. ఒకసారి "అలా అన్నానా నేను? తప్పు కదే" అన్నాను. "తప్పే" అంది ఆ పిల్ల, నడక ఆపకుండా.

మా వీధి మలుపు తిరిగేసరికి మేమింకా మొదటి ఏడాదిలోనే ఉన్నాం.

"కాళ్ల నొప్పులు లేకపోతే ఇంకో వీధి చుట్టి వెళ్దామా?" అని నేనే అడిగాను.